కాటా చీటీ దగ్గర మొదలైన కేసు: హెవీ ట్రక్కును ఇల్లుగా మార్చే ముందు

ట్రక్కు ఛాసిస్‌ల మీద ఇళ్లు కట్టించుకునేవాళ్లకు బండి ఎంపికలో, లెక్కల్లో సాయం చేయడం నా పని. ఈ కేసులో మనుషుల ఆనవాళ్లు, ఊళ్లు, బండ్ల కంపెనీల పేర్లు తీసేశాను. బరువులు, దూరాలు మాత్రం నా నోట్‌బుక్‌లోవే, కొంచెం గుండ్రం చేశానంతే. మధ్యలో నేనూ ఒక తప్పు చేశాను. ఈ కేసు రాయాలనిపించింది ముఖ్యంగా దాని వల్లే.

వాళ్లు, వాళ్ల బండి

ఇద్దరూ యాభై దాటిన దంపతులు. కుండలు, పింగాణీ సామాను చేస్తారు, సంతల్లో అమ్ముతారు, వెళ్లిన చోటల్లా నాలుగు రోజులు క్లాసులు చెబుతారు. రెండేళ్లుగా పెద్ద మోటర్‌హోమ్‌లోనే కాపురం. అది బస్సు తరహా ఛాసిస్ మీద కట్టింది. రెండు యాక్సిళ్లు, మొత్తం బరువు పరిమితి 12,000 కిలోలు. వెనక తోకలో ఒక గది గ్యారేజీలా ఉంటుంది. అందులో కుండలు కాల్చే ఎలక్ట్రిక్ బట్టీ, కుమ్మరి సారె, మెరుపు పూతకు వాడే గ్లేజ్ డబ్బాలు, మట్టి సంచులు. దాని వెనక చిన్న ట్రైలర్, ట్రైలర్ మీద కారు.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఫోన్‌లో ట్రక్కు ఫొటో చూపిస్తూ మాట మొదలుపెడతారు. ఆయనా అదే పని చేశాడు. 6 చక్రాలకూ డ్రైవ్ ఉన్న, మనిషి ఎత్తు టైర్ల బండి. "ఇలాంటిది కావాలి సార్. ఇప్పుడున్న దానికి శక్తి చాలట్లేదు" అన్నాడు.

ఏం జరిగిందని అడిగితే రెండు సంగతులు చెప్పాడు. ఎండాకాలంలో వెనక జంట టైర్లలో లోపలిది పేలింది. ఆ తర్వాత కొన్ని నెలలకు ఒక కొండ దారిలో దిగుతుంటే బ్రేకుల కాలిన వాసన, పెడల్ మెత్తబడి లోపలికి పోవడం. ఆ రోజు నుంచి ఆవిడ దిగుడు రోడ్డంటే ముందు సీట్లో కూర్చోనంటోంది.

ఈ రెంటిలో ఏదీ ఇంజిన్ శక్తికి సంబంధించింది కాదు. టైరు బరువుతో పేలింది, బ్రేకులు వేడితో చేతులెత్తేశాయి. అందుకే ట్రక్కుల సంగతి పక్కన పెట్టి, నీళ్ల ట్యాంకు నింపి, సామానంతా మామూలుగా ఎక్కించి, ట్రైలర్ విప్పి, ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా కాటా వేయించుకు రమ్మన్నాను.

చీటీ చెప్పింది

ముందు యాక్సిల్ మీద 3,180. దాని పరిమితి 4,100. వెనక యాక్సిల్ మీద 9,160. దాని పరిమితి 7,900. మొత్తం 12,340.

మొత్తంలో చూస్తే పరిమితి దాటింది 340 కిలోలే. చాలామంది దీన్ని చూసి "కొంచెం సామాను తగ్గించుకుంటే సరి" అంటారు. వెనక యాక్సిల్ మాత్రం 1,260 కిలోలు ఎక్కువ మోస్తోంది, ముందు యాక్సిల్‌కు ఇంకా 900 పైన ఖాళీ ఉంది. అంటే బండి మీద ఉన్న బరువు కంటే అది ఉన్న చోటు పెద్ద సమస్య.

గ్యారేజీలో ఉన్నది 900 కిలోలు. దాని మధ్యభాగం వెనక యాక్సిల్‌కు 2.8 మీటర్లు వెనకగా ఉంది. రెండు యాక్సిళ్ల మధ్య దూరం 6 మీటర్లు. పిల్లలు ఆడుకునే తూగుబల్ల లెక్కే ఇది. 900ని 8.8తో గుణించి 6తో భాగిస్తే 1,320. తోకలో పెట్టిన 900 కిలోలు వెనక యాక్సిల్ మీద 1,320 కిలోలుగా కూర్చుంటున్నాయి. అదనంగా వచ్చిన ఆ 420 ముందు యాక్సిల్ మీద నుంచి లేచిపోయినవి. అందుకే పక్క గాలి వీస్తే స్టీరింగ్ తేలిపోతున్నట్టు ఉంటుందని ఆయన అన్నాడు. నేను అడక్కుండానే చెప్పిన మాట అది, లెక్కతో సరిగ్గా అతికింది.

బ్రేకుల సంగతికి ఇంకో లెక్క. బండి, ట్రైలర్ కలిపి దాదాపు 14,500 కిలోలు. 6 శాతం దిగుడులో గంటకు 60 కిలోమీటర్ల వేగం పెరగకుండా పట్టి ఉంచాలంటే సుమారు 140 కిలోవాట్ల శక్తిని ఎక్కడో ఒకచోట వేడిగా వదిలించుకోవాలి. గాలి, టైర్ల నిరోధం ఒక 35 తీసుకుంటాయి. మిగిలిన వంద పైచిలుకు ఇంజిన్ బ్రేకింగ్, చక్రాల బ్రేకులు పంచుకోవాలి. ఈ బండిలో ఇంజిన్ బ్రేకింగ్ నామమాత్రం. పది నిమిషాలు దిగితే బ్రేకులు ఏమవుతాయో ఆవిడ చూసే ఉంది.

బండి మార్చకుండా చేసిన ప్రయత్నం

ఇంత లెక్క చెప్పాక నేను ఇచ్చిన మొదటి సలహా ట్రక్కు కొనమని కాదు. ఉన్న సామానుతోనే ఉండేటట్టయితే ఒక 400 కిలోలు తగ్గించి, బట్టీని, మట్టిని యాక్సిళ్ల మధ్యకు తెస్తే పాత బండితోనే బతకొచ్చు, దిగుడులో వేగం తగ్గించుకుంటే చాలు అన్నాను. నాకు పని పోయినా అదే నిజం.

వాళ్లు మట్టి సంచులన్నీ ట్రైలర్‌లోకి మార్చారు. వెనక యాక్సిల్ కొంత తేలికపడింది గాని ట్రైలర్ 2,700 అయింది. బండి వెనక కొక్కెం పరిమితి 2,200. బట్టీని మధ్యకు తెద్దామంటే అక్కడ కింద నీళ్ల ట్యాంకులు, పైన వంటగది. ఆరు వారాలు అటూ ఇటూ సర్ది విసిగిపోయి మళ్లీ వచ్చారు.

ఈసారి నేను అడిగింది రాబోయే అయిదేళ్ల సంగతి. ఇంకా పెద్ద బట్టీ, 600 లీటర్ల నీళ్లు, రాత్రి ఏసీ నడిచేంత బ్యాటరీ, కొండ ప్రాంతాల్లో నెలల తరబడి మకాం. ఇది విన్నాక పాత బండి గురించి మాట్లాడటంలో అర్థం లేదని నాకూ అనిపించింది. హెవీ ట్రక్కు వైపు వెళ్లడానికి కారణం ఏదైనా ఉందంటే అది హార్స్‌పవర్ కాదు. యాక్సిళ్ల మీద మిగులు, ఎయిర్ బ్రేకులు, దిగుడులో ఇంజిన్‌తోనే బండిని పట్టి ఉంచే కంప్రెషన్ బ్రేక్. ఈ మూడూ అక్కర్లేనివాళ్లకు హెవీ ట్రక్కు వట్టి భారం.

ఏ ట్రక్కు?

6 చక్రాల డ్రైవ్ బండిని ఒక్క మధ్యాహ్నంలో వదిలించాను. వాళ్లు తిరిగేది తారు రోడ్ల మీద, సంత మైదానాల్లో. ఆ బండికి ఇంటి నేల భూమికి మీటరున్నర పైన ఉంటుంది. ఆవిడకు మోకాళ్ల నొప్పి. "రోజుకు ముప్ఫైసార్లు ఆ నిచ్చెన ఎక్కి దిగుతారా మేడమ్?" అని అడిగితే ఆవిడ భర్త వైపు చూసింది. ఆ చూపుతో చర్చ అయిపోయింది.

మూడు యాక్సిళ్ల 26 టన్నుల బండి గురించి ఎక్కువసేపు ఆలోచించాం. మోసే బలానికి తిరుగులేదు. అయితే మూడో యాక్సిల్ తనతోపాటు టన్నుకు పైగా సొంత బరువు, అదనపు టైర్లు, బ్రేకులు తెస్తుంది, మలుపులు వెడల్పవుతాయి. ఇలాంటి ఇంటి బండ్ల టైర్లు అరిగి పాడవడం అరుదు. చాలావరకు వయసైపోయి మార్చాల్సి వస్తుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. అరగని టైర్లను తేదీ చూసి పారేయడం ఎవరికైనా బాధే, అలాంటివి ఇంకొన్ని ఎందుకు?

ట్రైలర్‌ను లాగే పొట్టి ట్రక్కు, దాని వెనక ఇల్లంతా ఒక ట్రైలర్‌గా ఉండే పద్ధతీ ఉంది. నిజానికి అది తెలివైన ఏర్పాటు. ట్రక్కు చెడితే ఇల్లు వర్క్‌షాపులో ఇరుక్కోదు. వీళ్లకు కుదరనిది పొడవు. సంతల్లో 16 మీటర్ల బండిని వెనక్కి తిప్పే చోటుండదు.

ఇక్కడే నా తప్పు మొదలైంది.

పొడిగించిన ట్రక్కు

నా దగ్గరికి రావడానికి ముందే ఆయన ఒక వాడిన ట్రక్కుకు అడ్వాన్స్ ఇచ్చి ఉన్నాడు. అది ట్రైలర్ లాగడానికి చేసిన రెండు యాక్సిళ్ల బండి, ఇకమీదట లాగుడు బండి అంటాను. 13 లీటర్ల ఇంజిన్, ఎత్తైన క్యాబిన్, సర్వీసు కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. కిలోమీటర్లే కాదు, ఇంజిన్ గంటలు కూడా చూశాను. నిలబెట్టి ఇంజిన్ నడిపిన గంటలు తక్కువే. ఆయిల్ పరీక్ష బాగానే వచ్చింది. బండి మీద నాకు మోజు పుట్టింది. ఛాసిస్‌ను కోసి, మధ్యలో రెండున్నర మీటర్లు పొడిగిస్తే 6.2 మీటర్ల వీల్‌బేస్ (రెండు యాక్సిళ్ల మధ్య దూరం) వస్తుంది, అలా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. సరే అన్నాను. "వద్దు, అడ్వాన్స్ వదులుకోండి" అని ఆ రోజు అనలేకపోయాను. వాళ్ల డబ్బు పోతుందన్న మొహమాటం నా లెక్కలోకి దూరింది.

పొడిగింపు పని ఒక ఫ్యాబ్రికేటర్ చేశాడు. వెల్డింగ్ చక్కగానే ఉంది. వెల్డింగ్ కరెంటుకు పాడవకుండా ముందే బ్యాటరీ, ఇంజిన్ కంట్రోల్ యూనిట్లు విప్పించాను. ఇల్లు కట్టకముందు నేను ఎప్పుడూ చేసే పని ఒకటుంది. తాత్కాలికంగా చెక్క వేదిక వేసి, రాబోయే ఇంటి బరువుకు సమానంగా కాంక్రీటు దిమ్మెలు, నీళ్ల పీపాలు, అవి కూడా ఇంటి బరువు ఉండబోయే ఎత్తులోనే కట్టి, రెండు రోజులు రోడ్డు మీద తిప్పడం. క్లయింట్లకు ఇది దండగ ఖర్చులా కనిపిస్తుంది. ఈ కేసులో ఇది ఇంటిని కాపాడింది.

మొదటి రోజే రెండు జబ్బులు బయటపడ్డాయి. 68 నుంచి 74 కిలోమీటర్ల వేగం మధ్య నేలలోంచి గూబ గుయ్యిమనే వణుకు. మలుపుల్లో పైభాగం ఊగి, ఒక క్షణం ఆలస్యంగా తిరిగి రావడం.

వణుకు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ది, అంటే గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు శక్తిని మోసే పొడవాటి కడ్డీది. పొట్టి బండిలో ఒకే షాఫ్ట్, రెండు చివరలా వంపులోనూ తిరగనిచ్చే కీళ్లు, అంటే క్రాస్‌లు, రెండు. ఏ క్రాస్ అయినా వంపులో తిరిగితే షాఫ్ట్ ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. రెండు చివర్ల వంపులు సమానంగా ఉంటే ఒకదాని హెచ్చుతగ్గును ఇంకొకటి చెరిపేస్తుంది. పొడిగించాక మధ్యలో బేరింగ్, మూడో క్రాస్ వచ్చాయి. ఇప్పుడు మూడు వంపులు సరిపోవాలి, పైగా వెనక ఎయిర్ సస్పెన్షన్ ఎత్తు మారినప్పుడల్లా చివరి వంపు మారుతుంది. బేరింగ్ కింద పలకలు పెట్టి, ఎత్తు సర్ది, షాఫ్ట్ బ్యాలెన్స్ చేయించి మూడు వారాలు కుస్తీ పట్టాం. వణుకు తగ్గింది, పోలేదు.

ఊపు సంగతి ఇంకా మొండిది. లాగుడు బండి వెనక సస్పెన్షన్, పక్కలకు ఊగకుండా పట్టే దాని స్టెబిలైజర్ బార్ ఆ బండి చేసే పనికి తగ్గట్టు చేసినవి. దాని మీద ఎత్తైన పెట్టెను శాశ్వతంగా కూర్చోబెట్టడం ఆ కొలతల్లో లేదు. లావు బార్ వేయొచ్చు, సస్పెన్షన్ గాలి సంచులు మార్చొచ్చు, బ్రాకెట్లు మార్చొచ్చు. ఆ జాబితా రాస్తుంటే నాకు అర్థమైంది. రెండు యాక్సిళ్ల రిజిడ్ ట్రక్కులో, అంటే సరుకు పెట్టె నేరుగా ఛాసిస్ మీదే కూర్చునే మామూలు లారీలో, కర్మాగారం నుంచి వచ్చే వస్తువులన్నింటినీ నేను ఒక్కొక్కటిగా చేత్తో తయారు చేస్తున్నాను.

ఇద్దరినీ కూర్చోబెట్టి ఆ మాటే చెప్పాను. ఆయన కోపం ఆపుకున్నాడు. ఆవిడ మాత్రం, "ఇంజినీర్ గారూ, ఇది మీకు ముందు తెలియదా?" అని అడిగింది. తెలుసు. బాగుచేయగలననుకున్నాను. ఆ దశకు నా ఫీజు తీసుకోలేదు. దాని వల్ల వాళ్లకు పోయిన నాలుగు నెలలు తిరిగి రాలేదు. పొడిగించిన బండిని సరుకు పెట్టె కట్టుకునే ఒకరు కొన్నారు, నష్టానికే.

ఇంటి బరువుతో మొదలుపెట్టడం

రెండోసారి ముందు ఇల్లు కాగితం మీద తూచాం. ఇంటి పెట్టె, ఛాసిస్ మీద దాన్ని మోసే సబ్‌ఫ్రేమ్ కలిపి 2,500. గోడలు ఫైబర్ పొరల మధ్య ఫోమ్ ఉన్న పలకలు. ఫర్నిచర్, ఫ్రిజ్, ఏసీలు 1,600. బ్యాటరీ, ఇన్వర్టర్, సోలార్ 550. నీళ్లు, ట్యాంకులు, పైపులు 750. కుమ్మరి పని సామానంతా కలిపి 1,100. బట్టలు, పుస్తకాలు, గిన్నెలు, మిగతా సంసారం 700. ఈ ఆఖరి అంకె దగ్గర అందరూ అబద్ధం చెబుతారు. వీళ్లు 400 అన్నారు, నేను 700 రాశాను.

మొత్తం 7,200. ఇంధనం, డ్రైవర్‌తో కలిపి 7,000 బరువుండే 18 టన్నుల రిజిడ్ ఛాసిస్ ఒకటి దొరికింది. అప్పటికి నాలుగేళ్లు నడిచిన 11 లీటర్ల ఇంజిన్, వెనక ఎయిర్ సస్పెన్షన్, 6.3 మీటర్ల వీల్‌బేస్. మొత్తం 14,200 అవుతుంది. అమెరికా లెక్కలో 33,000 పౌన్లు, అంటే 14,969 కిలోలు దాటిన పరిమితి ఉన్న బండి క్లాస్ 8 కిందికి వస్తుంది. 18 టన్నుల పరిమితి వల్ల ఇదీ ఆ కోవలోదే. యూరప్ పద్ధతిలో అయితే 7.5 టన్నులు దాటితే సీ తరగతి లైసెన్స్ కావాలి. ఎవరి దేశపు నియమం వాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందే చూసుకోవాలి. ఆయన ఈసారి లైసెన్స్ పరీక్ష రాసి పాసయ్యాకే బండి కొన్నాడు.

ఒక్కో వస్తువు ముందు యాక్సిల్ నుంచి ఎంత దూరంలో ఉంటుందో రాసి, బరువుతో గుణించి, కూడి, 6.3తో భాగించాం. ఇంటి బరువులో 5,710 వెనక్కి, 1,490 ముందుకు వచ్చింది. ఛాసిస్ సొంత బరువు ముందు 4,700, వెనక 2,300. కలిపితే ముందు 6,190, వెనక 8,010. పరిమితులు 7,500, 11,500. రెండు వైపులా టన్నుకు పైగా మిగులు.

ఇంత మిగులు చూసి ఆయన, "అయితే బట్టీని మళ్లీ వెనకే పెట్టుకుందాం, దుమ్ము వంటగదిలోకి రాదు" అన్నాడు. లెక్క వేస్తే అదీ పరిమితిలోనే ఉంది. వెనక 8,620 దాకా వెళ్తుంది, అంతే. నేను మాత్రం ఒప్పుకోలేదు. కారణం యాక్సిల్ కాదు, బట్టీ. దాని లోపలి ఇటుకలు తేలికపాటివి, మెత్తవి, కుదుపులకు అంచులు రాలతాయి. పొడవైన బండిలో ఎక్కువ ఎగిరి పడేది తోక. వెనక యాక్సిల్‌కు కొంచెం ముందున్న చోటు అంతగా ఎగరదు. కాల్చని పచ్చి కుండలు కూడా అక్కడే బతుకుతాయి. ఈ మాట ఆవిడకు వెంటనే ఎక్కింది. పాత బండిలో ప్రతి ప్రయాణానికీ రెండు మూడు కుండలు పగిలేవట. దుమ్ముకు పూర్తి గోడ కట్టి, పనిగదికి బయటి నుంచే తలుపు పెట్టాం. తోకలోకి తేలికైన పడకగది వెళ్లింది.

బట్టీని బ్యాటరీ మీద నడపాలన్నది ఆయన కోరిక. ఒక్క కాల్పుకు కనీసం 30 యూనిట్ల కరెంటు. దానికోసమే పాతిక, ముప్ఫై కిలోల బ్యాటరీలు పది మోయాలి. వద్దన్నాను. ఆగిన చోట కరెంటు దొరికినప్పుడు కాల్చుకోవడమే మేలు.

తలుపు తెరుచుకోని రోజు

ట్రక్కు ఛాసిస్ మెలితిరగడానికే పుట్టింది. ఒక చక్రం గుంటలో పడితే నిచ్చెన ఆకారంలో ఉన్న ఆ ఫ్రేము కాస్త పిండిన బట్టలా తిరిగి, మళ్లీ సర్దుకుంటుంది. ఇంటి పెట్టె అలా తిరగలేదు. రెంటినీ గట్టిగా బిగిస్తే ఏదో ఒకటి చీలుతుంది.

మేం మొదట సబ్‌ఫ్రేమ్‌ను చివరి నుంచి చివరి దాకా గట్టిగానే బిగించాం. రోడ్డు బండికి అది చాలనుకున్నాం. పెట్టె ఎక్కాక ముందు కుడి చక్రాన్ని 25 సెంటీమీటర్ల దిమ్మె మీదికి ఎక్కించి చూస్తే పక్క తలుపు తెరుచుకోలేదు. దిగితే తెరుచుకుంది. సంత మైదానాల్లో వాళ్లు రోజూ నిలిపేది ఇలాంటి నేల మీదే.

ఎడారి బండ్లకు వాడే మూడు కీళ్ల అమరిక పెట్టమని ఒక కుర్ర ఇంజినీరు అన్నాడు. ఎగుడుదిగుడు నేలకు అది బాగుంటుంది, కానీ ఎత్తు పెంచుతుంది, బరువంతా మూడు చోట్లే ఛాసిస్ మీద మోపుతుంది, తారు రోడ్డు మీద ఊపు ఎక్కువవుతుంది. ఒకసారి ఊపుతో దెబ్బ తిన్నాను కాబట్టి ఈసారి మధ్యేమార్గం. వెనక యాక్సిల్ దగ్గర నుంచి తోక దాకా గట్టి పలకలతో బిగింపు. ముందు భాగంలో ప్రతి బిగింపు దగ్గరా స్ప్రింగు బోల్టులు. ఛాసిస్ మెలితిరిగితే సబ్‌ఫ్రేమ్ ముందు కొస 20 మిల్లీమీటర్ల దాకా విడిపడి తిరిగి కూర్చుంటుంది. రంధ్రాలన్నీ ఫ్రేము నిలువు ముఖంలోనే, ఛాసిస్ మీద పెట్టెలు కట్టేవాళ్ల కోసం కంపెనీ ఇచ్చే పుస్తకంలో చెప్పిన చోట్లే. పైఅంచును, కింది అంచును ముట్టుకోలేదు. మళ్లీ దిమ్మె ఎక్కించాం. తలుపు తెరుచుకుంది.

క్యాబిన్‌లోంచి ఇంట్లోకి దారి కావాలన్నది ఆవిడ పట్టు. నేను వద్దనే చెప్పాను. ఈ క్యాబిన్ ఇంజిన్ పైన ఉంటుంది, ఇంజిన్ పనికి దాన్ని ముందుకు వంచాలి. పైగా క్యాబిన్‌కు సొంత సస్పెన్షన్ ఉంది, ఇల్లు ఒక రకంగా కదిలితే అది ఇంకో రకంగా కదులుతుంది. "రాత్రిపూట తెలియని చోట ఏదైనా తేడాగా అనిపిస్తే, కిందికి దిగకుండా బండి తీసుకుని వెళ్లిపోవాలి" అంది. అది వాదించదగ్గ మాట కాదు. వంగి దూరేంత దారి పెట్టి, నాలుగు గొళ్లేలతో విడదీసే రబ్బరు తొడుగు వేయించాం. మొదటి పెద్ద వానకు కారింది. తొడుగు మరీ బిగువుగా కుట్టారు, క్యాబిన్ ఊగినప్పుడల్లా అంచు లాగేస్తోంది. నాలుగు వేళ్ల వదులుతో ఇంకోటి కుట్టించాక ఆగింది. ప్రయాణంలో మనుషులు కూర్చునేది మాత్రం క్యాబిన్ సీట్లలోనే, ఇంట్లో కాదు. ఈ ఒక్క విషయంలో నేను బేరానికి ఒప్పుకోను.

రోడ్డెక్కాక

పూర్తయిన బండి కాటా మీద ముందు 6,240, వెనక 8,080 చూపించింది. లెక్కకు 120 కిలోలు ఎక్కువ. స్క్రూలు, జిగురు, వైర్లు, వాళ్లు చెప్పని ఒక పుస్తకాల అర. వెనక నాలుగు టైర్ల మీద ఒక్కోదానికి 2,020. జంటగా వేసినప్పుడు ఆ టైరు మోయగలిగేది 3,150. అంచు మీద రాసిన గరిష్ఠ గాలి కొట్టిస్తే గిన్నెలు మోగుతాయి. టైరు కంపెనీ పట్టికలో అసలు బరువుకు ఎంత ప్రెషర్ రాసి ఉందో చూసి, దానికి కొంచెం పైన పెట్టాం.

దిగుడుకు మాత్రం నేనే తోడు వెళ్లాను. ఈ బండి కంప్రెషన్ బ్రేక్ పుస్తకం ప్రకారం 280 కిలోవాట్ల దాకా పట్టుకోగలదు. అదే 6 శాతం దిగుడు, ట్రైలర్‌తో కలిపి 16 టన్నులకు పైగా బరువు. లెక్కకు 160 కిలోవాట్లు కూడా అక్కర్లేదు. ఆయన పైనే గేరు తగ్గించి, లివర్ లాగి, కింది దాకా పెడల్ మీద కాలు పెట్టలేదు. కింద ఆగాక ఆవిడ దిగి చక్రం దగ్గర వాసన చూసి వచ్చింది. ఏమీ అనలేదు.

బాగుండని సంగతులూ ఉన్నాయి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే పక్క బండివాళ్లు లేస్తారు. ఇంధనం 100 కిలోమీటర్లకు 28 లీటర్ల దాకా తాగుతుంది. మొదట్లో ఆయన ఏసీ కోసం ఇంజిన్‌ను గంటల తరబడి నిలబెట్టి నడిపాడు. ఎగ్జాస్ట్ ఫిల్టర్‌లో మసి పేరుకుని డాష్‌బోర్డు మీద లైటు వెలిగింది. పొగ సరిగ్గా వేడెక్కితేగాని ఆ మసి కాలదు, నిలబడిన ఇంజిన్‌లో అంత వేడి పుట్టదు. ఇప్పుడు ఏసీ ఇంటి బ్యాటరీ మీద నడుస్తోంది. వర్క్‌షాపుల్లో ఇంజిన్‌కు ఎవరైనా చేయి వేస్తారు, కానీ 3.75 మీటర్ల ఎత్తున్న ఈ బండి వాళ్ల షెడ్డు తలుపులోంచి దూరుతుందా లేదా అని ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఆరు నెలలకోసారి కాటా చీటీ ఫొటో పంపమని చెప్పాను. మొదటిసారి వచ్చిన చీటీలో వెనక 340 పెరిగింది, ముందు 90 తగ్గింది. అంటే ఇంట్లోకి 250 కిలోలు కొత్తగా వచ్చాయి. ముందు తగ్గింది కాబట్టి అవి వెనక యాక్సిల్ దాటి ఎక్కడో ఉన్నాయి. 90ని 6.3తో గుణించి 250తో భాగిస్తే దాదాపు 2.3 మీటర్లు. నా గీతల్లో వెనక యాక్సిల్ నుంచి 2.3 మీటర్లు కొలిస్తే మంచం తగిలింది.

ఫోన్ చేసి, "మేడమ్, మంచం కింద పాతిక కిలోల మట్టి సంచులు పది పెట్టారా?" అని అడిగాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆయన్ని పిలిచి, "నువ్వు చెప్పేశావా?" అని అడగడం వినిపించింది.